పాట ముగిశాక బొమ్మ ఎక్కడికి?



2023 ఆగస్టు చివర్లో ముంబయిలోని పుండోలే వేలం సంస్థలో ఒక చిత్రం 51 కోట్ల 75 లక్షల రూపాయలకు అమ్ముడుపోయింది. దాని పేరు 'జెస్టేషన్'. 1989లో వేసినది. అందులో మనిషి లేడు, దేవుడు లేడు, ఊరు లేదు. నల్లటి వృత్తం, దాని చుట్టూ త్రికోణాలు, చతురస్రాలు, మట్టిని తలపించే రంగులు. అంతే. అప్పటివరకు వేలంలో ఏ భారతీయ చిత్రానికీ అంత ధర పలకలేదు. వేసినవారు సయ్యద్ హైదర్ రజా. అప్పటికి ఆయన కన్నుమూసి ఏడేళ్లు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనలో చాలామంది నోట ఒకే ప్రశ్న వస్తుంది. ఒక నల్ల చుక్కకి యాభై కోట్లా? మన రాయపూర్ పండరీ బజారులో పొద్దున్నించి రాత్రిదాకా రూపాయి రూపాయి లెక్కచూసుకుని వ్యాపారం చేసేవాళ్లు ఈ మాట అడిగితే అందులో తప్పేమీ లేదు. కష్టం విలువ తెలిసినవాళ్లకే ఆ ప్రశ్న పుడుతుంది. దానికి నాకు తోచిన జవాబు చెప్పి, దానికంటే ముఖ్యమని నేను నమ్మే ఇంకో ప్రశ్న మీ ముందు పెడతాను. వేలంపాట ముగిశాక ఆ బొమ్మ ఎక్కడికి పోతుంది? ఎవరి కళ్లకు కనబడుతుంది?

ముందు ఆ మనిషి సంగతి. రజా పేరు చెప్పగానే పారిస్ గుర్తుకొస్తుంది, ఆయన అరవయ్యేళ్లు ఫ్రాన్సులో ఉన్నారు కాబట్టి. కానీ ఆయన మన పొరుగువారు. మన రాయపూర్ మీదుగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీకు తెలుసు. దక్షిణాన విజయవాడ పక్క ఇబ్రహీంపట్నంలో మొదలయ్యే ఆ దారి భద్రాచలం, కుంట, సుక్మా, జగదల్‌పూర్, కాంకేర్ దాటి ఇక్కడికి వస్తుంది. మనలో ఎందరి అమ్మానాన్నలో బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన దారుల్లో అదొకటి. అదే రోడ్డు మీద ఉత్తరంగా సాగిపోతే బెమెతరా, కవర్ధా వస్తాయి, చిల్పీ ఘాటు ఎక్కి దిగితే మండ్లా వస్తుంది. నర్మద ఒడ్డున ఉన్న ఆ జిల్లాలో బబరియా అనే ఊళ్లో 1922 ఫిబ్రవరి 22న రజా పుట్టారు. తండ్రి అటవీశాఖ ఉద్యోగి. చుట్టూ గోండుల పల్లెలు, సాల అడవి. రాత్రి పడితే ఆ అడవి తనను భయపెట్టేదని, తెల్లవారితే ప్రాణం లేచివచ్చేదని ఆయన పెద్దయ్యాక చాలాసార్లు చెప్పుకున్నారు. ఆయన చిత్రాల్లోని నలుపు నాకు ఆ రాత్రిలాగే కనబడుతుంది. చావుకీ దుఃఖానికీ గుర్తుగా వేసిన నలుపు కాదది. అందులోంచే తెల్లవారుతుంది.

కకైయా అనే పల్లెలో ఆయన ప్రాథమిక పాఠశాల. పిల్లవాడికి నిలకడ లేదు, చదువు మీద ధ్యాస లేదు. నందలాల్ ఝారియా అనే మాస్టారు ఒకరోజు బడి గోడమీద ఒక చుక్క పెట్టి, మిగతాదంతా మరిచిపోయి దాన్నే చూస్తూ కూర్చోమన్నారు. ఇది చాలా ప్రసిద్ధమైన కథ. రజా మీద రాసిన ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. నేను మాత్రం ఆ కథలో మాస్టారి వైపే ఎక్కువసేపు చూస్తాను. అడవి పల్లెలో పనిచేసే ఒక బడిపంతులు, అల్లరి పిల్లవాణ్ని కొట్టకుండా, చూపు నిలపడం నేర్పాడు. ఆ చూపు ముదిరి చిత్రంగా బయటపడడానికి దాదాపు యాభయ్యేళ్లు పట్టింది.

మధ్యలో ఏం జరిగిందో కొంచెం చెప్పాలి. దమోలో హైస్కూలు. నాగపూర్ ఆర్ట్ స్కూలులో నాలుగేళ్లు. తర్వాత బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్. 1947లో సూజా, హుసేన్, ఆరా వంటి చిత్రకార మిత్రులతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. దేశ విభజన తర్వాత తోబుట్టువులు పాకిస్తాన్ వెళ్లిపోయారు. రజా వెళ్లలేదు. చిన్నప్పుడు మండ్లాలో గాంధీజీని చూసిన జ్ఞాపకం తనను ఈ నేల వదలనివ్వలేదని చెప్పేవారు. 1948లో కశ్మీరులో ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసోఁ ఆయన చిత్రాలు చూసి, రంగు బాగుంది గానీ కట్టుబడి లేదు, ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్‌ను చదువుకో అన్నాడు. ఆ ఒక్క సలహా పట్టుకుని రజా ఫ్రెంచి భాష నేర్చుకున్నారు, 1950లో పారిస్ వెళ్లారు. 1956లో అక్కడి విమర్శకులు ఇచ్చే బహుమానం అందుకున్నారు. ఫ్రాన్సు వాడు కానివాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

అక్కడితో ఆగిపోయినా ఆయన పేరున్న చిత్రకారుడే. ఆగలేదు. 1962లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి వెళ్లినప్పుడు అక్కడి చిత్రకారుడు రోత్కో చిత్రాలు చూశారు. ఆ కాలంలోనే తైలవర్ణాలు వదిలి ఆక్రిలిక్ రంగుల వైపు మళ్లారు. ఇది పైకి చిన్న విషయంలా కనబడుతుంది. కానీ చేతిపని తెలిసినవాళ్లకు దీని బరువు తెలుసు. తైలవర్ణం ఆరడానికి రోజులు పడుతుంది, పక్క రంగుతో కలిసిపోతుంది. ఆక్రిలిక్ నిమిషాల్లో ఆరుతుంది. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే అంచు అంచులాగే నిలుస్తుంది. త్రికోణం త్రికోణంగా, గీత గీతగా ఉండాలంటే ఆ ఆరుదల కావాలి. మొదట్లో ఆయన ఆ రంగును స్వేచ్ఛగా, పెద్ద పెద్ద కుంచె ఊపులతో వాడారు. డెబ్బైలలో తరచుగా భారతదేశం వచ్చి రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్ తిరిగారు. పారిస్‌లో అన్నీ ఉన్నాయి, నా దేశం మాత్రం నా చిత్రంలో లేదే అన్న వెలితి ఆయన్ను తొలిచింది. 1980 ప్రాంతంలో ఆ చుక్క కాన్వాసు మీదికి వచ్చింది. అటుపైన ముప్పై అయిదేళ్లు దాన్ని వదల్లేదు.

ఒకే ఆకారాన్ని ముప్పై అయిదేళ్లు వేయడమంటే సులువు పని అని కొందరి అభిప్రాయం. ఆయన చివరి కాలపు చిత్రాల్లో కొన్ని ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నాయన్న విమర్శ నేనూ ఒప్పుకుంటాను. కానీ 1980 నుంచి 1990 దాకా వేసినవాటి ముందు నిలబడి చూడండి. 1983 నాటి 'సౌరాష్ట్ర' రెండు మీటర్ల చతురస్రం. దాన్ని చిన్నా పెద్దా గళ్లుగా పంచారు. గడి గడిలో ఎరుపు, నారింజ, పసుపు రంగులు కుంచె వేగంతో కదులుతూ ఉంటాయి. చుట్టూ లెక్క, లోపల ఆవేశం. జ్యామితి అంటే స్కేలూ కంపాసూ అనుకునేవాళ్లు ఈ చిత్రం దగ్గరికి వెళ్లి చూడాలి. ఏ గీతా యంత్రం గీసినట్టు ఉండదు. చెయ్యి ఎక్కడ నొక్కిందో, ఎక్కడ తేలికపడిందో తెలుస్తుంది.

ఇక ధర సంగతి. మన పండరీ బట్టల బజారులో బేరం ఎలా సాగుతుంది? దుకాణదారు ఒక ధర చెబుతాడు, కొనేవాడు తగ్గిస్తాడు, ఇద్దరూ ఒకచోట కలుస్తారు. ఇవాళ అమ్మిన తాను లాంటి తాను రేపు మళ్లీ మిల్లు నుంచి వస్తుంది. కాబట్టి ధరకు ఒక హద్దు ఉంటుంది. వేలంలో ఇదంతా తిరగబడుతుంది. సరుకు ఒక్కటే. అలాంటిది ఇంకోటి రాదు, వేసినవాడు లేడు. అమ్మేవాడు నోరు విప్పడు. కొనేవాళ్లు ఒకరితో ఒకరు పోటీపడి ధరను పైకి మోస్తారు. అందుకే చివరి అంకె ఆ బొమ్మ విలువ అనుకుంటే పొరపాటు. ఆ గదిలో, ఆ సాయంత్రం, ఫోన్ల మీదా ఎదురుగానూ మిగిలిన ఆఖరి ఇద్దరిలో రెండోవాడు ఎక్కడ ఆగిపోయాడో మాత్రమే అది చెబుతుంది. ఆ రెండోవాడు ఆ రోజు రాకపోయి ఉంటే ధర ఎంతో తక్కువలో ముగిసేది. బొమ్మ మాత్రం అదే బొమ్మ.

పాటకు ముందు జరిగే పని చాలా ఉంటుంది. వేలం సంస్థ కేటలాగు అచ్చువేస్తుంది. చిత్రానికి ఒక నంబరు ఇస్తుంది. ఇంతనుంచి ఇంతవరకు పలకవచ్చని అంచనా రాస్తుంది. అమ్మే యజమానితో మాట్లాడుకుని, ఇంతకు తగ్గితే అమ్మం అనే ఒక కనీస ధర పెట్టుకుంటుంది. దాన్ని బయటికి చెప్పరు. చిత్రం మొదట ఎవరు కొన్నారు, తర్వాత ఎవరి చేతికి వచ్చింది, ఏ ప్రదర్శనల్లో పెట్టారు, ఏ పుస్తకంలో అచ్చయింది అనే చరిత్ర అంతా కేటలాగులో ఉంటుంది. ఆ చరిత్ర ఎంత శుభ్రంగా ఉంటే కొనేవాడికి అంత ధైర్యం. సుత్తి పడ్డాక పలికిన ధర మీద సంస్థ తన ప్రీమియం వేస్తుంది. సంస్థను బట్టి అది 15, 20 శాతం, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. పైన పన్ను. పత్రికల్లో మనం చదివే అంకెలో మామూలుగా ప్రీమియం కలిసే ఉంటుంది. 'జెస్టేషన్' ధరా అలాంటిదే.

మరి 2023లోనే ఎందుకు అంత పలికింది? ముందటి ఏడాది రజా శతజయంతి. 2023 ఫిబ్రవరి నుంచి మే దాకా పారిస్‌లోని పాంపిడూ సెంటర్ ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. వందకు దగ్గరగా చిత్రాలు ఒకేచోట కనబడ్డాయి. ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలలో ఒకటి ఒక చిత్రకారుణ్ని అలా నిలబెడితే సంగ్రాహకుల నమ్మకం పెరుగుతుంది, ఇంట్లో దాచుకున్నవాళ్లు అమ్మడానికి బయటికి తీస్తారు. ఆ రికార్డు మూడు వారాలైనా నిలవలేదు. సెప్టెంబరులో అమృతా షేర్‌గిల్ చిత్రం 61 కోట్ల 80 లక్షలకు పోయింది. 2025 మార్చిలో న్యూయార్క్‌లో హుసేన్ 'గ్రామ్ యాత్ర' 118 కోట్లు దాటింది. రికార్డుల లెక్క ఇలాగే సాగుతుంది, దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

ఆ 'గ్రామ్ యాత్ర' సంగతిలో నన్ను కదిలించింది వేరే ఉంది. ఆ చిత్రాన్ని 1954లో దిల్లీలో ఒక డాక్టరు కొని నార్వే తీసుకెళ్లారు. తర్వాత అది ఓస్లోలో ఒక ఆసుపత్రికి చేరి, దశాబ్దాలపాటు ఆ గోడమీదే ఉంది. ఎక్కడో చలిదేశంలో, డ్యూటీకి వచ్చే డాక్టర్లు మన పల్లె బతుకును చూస్తూ నడిచివెళ్లారు. ధర గురించి అప్పుడెవరూ మాట్లాడలేదు. బొమ్మ మాత్రం తన పని తాను చేస్తూనే ఉంది.

ఇక్కడే నేను మొదట అడిగిన ప్రశ్న వస్తుంది. 'సౌరాష్ట్ర' 2010 జూన్‌లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో దాదాపు 24 లక్షల పౌండ్లకు, మన డబ్బులో 16 కోట్ల 42 లక్షలకు పలికింది. అప్పట్లో అదే రికార్డు. కొన్నవారు కిరణ్ నాడార్. ఆవిడ అదే ఏడాది దిల్లీ ప్రాంతంలో మ్యూజియం తెరిచారు కాబట్టి ఆ చిత్రం మన కళ్లకు దక్కింది. అన్ని చిత్రాలకూ ఆ అదృష్టం ఉండదు. చాలావాటి విషయంలో వేలానికి ముందు పెట్టే ప్రదర్శనే జనం చూసే చివరి అవకాశం. తర్వాత అవి ఇళ్లలోకి, కొన్ని చెక్కపెట్టెల్లో గోదాముల్లోకి వెళ్లిపోతాయి. ఇంకో పాతికేళ్లకు మళ్లీ వేలానికి వస్తే తప్ప బయటి వెలుతురు చూడవు. డబ్బు పెట్టి కొన్న వస్తువును దాచుకునే హక్కు కొన్నవాడికి ఉంది, కాదనను. కానీ చూడ్డానికే పుట్టిన వస్తువు చీకట్లో ఉండిపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో సంగతి. వేలంలో వచ్చే డబ్బు చిత్రకారుడిది కాదు, అమ్మిన యజమానిది. నలభై ఏళ్ల క్రితం కొన్ని వేలకు అమ్మిన చిత్రం ఇవాళ కోట్లు పలికినా, ఆ తేడా అంతా దాన్ని దాచినవాడికే చెందుతుంది. ఫ్రాన్సు 1920లోనే దీన్ని గుర్తించి, మళ్లీ అమ్మినప్పుడల్లా చిత్రకారుడికో వారసులకో కొంత వాటా ఇవ్వాలని చట్టం చేసింది. మన దేశంలోనూ ఉంది. కాపీరైట్ చట్టంలో 53ఎ అనే సెక్షను 1994 సవరణతో వచ్చింది. అసలు చిత్రం పది వేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడైతే చిత్రకారుడికి గానీ వారసులకు గానీ వాటా రావాలి, అది పది శాతం మించకూడదు అని అందులో ఉంది. చట్టం ఉన్న సంగతి మన చిత్రకారుల్లోనే చాలామందికి తెలియదు. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో చిత్రకారులు గానీ, వాళ్ల పిల్లలు గానీ ఉంటే ఆ సెక్షను నంబరు రాసుకోండి. మీ నాన్నగారు ఎవరెవరికి ఏ చిత్రం ఇచ్చారో, ఏ ఏడాది ఇచ్చారో ఒక పుస్తకంలో ఎక్కించి పెట్టండి. హక్కు అడగాలంటే ముందు లెక్క ఉండాలి.

లెక్క లేకపోతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2009లో దిల్లీలో ఒక గ్యాలరీవారు రజా తొలినాళ్ల చిత్రాలు అని ప్రదర్శన పెట్టి, ప్రారంభించమని ఆయన్నే పిలిచారు. ఎనభై ఆరేళ్ల పెద్దాయన గోడల వెంట నడుస్తూ ఒక్కొక్కటే చూసి, ఇవి నావి కావు అన్నారు. దాదాపు అన్నీ నకిలీలే. ప్రదర్శన మూసేశారు. బతికుండగా తన పేరుతో ఉన్న అబద్ధాల మధ్య నిలబడాల్సి రావడం ఎంత నరకమో ఆలోచించండి. అందుకే ఆయన వేసిన ప్రతి చిత్రాన్నీ ఫోటోతో, కొలతలతో నమోదు చేసే సంపుటాలు తర్వాత వెలువడ్డాయి. గీతలూ గళ్లూ ఉన్న చిత్రమే కదా, నకలు తీయడం తేలిక అని మోసగాళ్లు అనుకుంటారు. నిజానికి గుర్తుపట్టడం కూడా అక్కడే. ఆయన నలుపు కింద పొరలు పొరలుగా వేరే రంగులుంటాయి. నకలు తీసేవాడికి ఆ ఓపిక ఎక్కడిది?

మన తెలుగువారిలో రజాలాగా జ్యామితి ఆకారాల దారిలో నడిచినవారు ఉన్నారా అంటే, ఉన్నారు. పాకాల తిరుమలరెడ్డి గారు. పి.టి. రెడ్డి అంటేనే ఎక్కువమందికి తెలుసు. 1915లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టారు. రజాకంటే ముందే జె.జె. స్కూలులో చదివారు. ప్రోగ్రెసివ్ గ్రూపు కంటే ముందే, 1941లో, బొంబాయిలో కొత్తదనం కోరే మిత్రులతో కలిసి ప్రదర్శన పెట్టారు. హైదరాబాదు తిరిగివచ్చి, తర్వాతి కాలంలో త్రికోణాలు, వృత్తాలు, పద్మాలతో తాంత్రిక చిత్రాలు వేశారు. రంగులు ధగధగలాడతాయి. రజా చిత్రాల్లో మౌనం ఉంటే రెడ్డిగారి చిత్రాల్లో జాతర ఉంటుంది. 1996లో కన్నుమూశారు. రజాకు పలికిన ధరలు వేలాల్లో ఆయనకు పలకలేదు. ప్రతిభ తక్కువై కాదు. పారిస్‌లో లేరు, వెనక పెద్ద గ్యాలరీలు నిలబడలేదు, ప్రపంచం తిరిగే ప్రదర్శనలు రాలేదు, ఆయన మీద పుస్తకాలు పెద్దగా రాలేదు. తెలుగులో ఆయన గురించి ఎన్ని పుటలు ఉన్నాయి? ధర అనేది ఇలా కూడా తయారవుతుంది. ఆ లోటు ముంబయి వేలం సంస్థది కాదు, మనది.

రజా తన డబ్బును ఏం చేశారో కూడా చెప్పాలి. 2001లో రజా ఫౌండేషన్ పెట్టారు. చిత్రకారులకు, కవులకు, సంగీతం నృత్యం నేర్చుకునేవాళ్లకు సాయం చేయడం దాని పని. దాన్ని ముందుండి నడిపించిన హిందీ కవి అశోక్ వాజపేయి మన దుర్గ్‌లోనే పుట్టారు. 2002లో భార్య జానిన్ పోయారు. 2010 చివర్లో రజా దిల్లీకి తిరిగి వచ్చేశారు. 2016 జూలై 23న కన్నుమూశారు. దిల్లీలోనో ఫ్రాన్సులోనో కాదు, మండ్లాలో నాన్న సమాధి పక్కన తనను పెట్టమన్నారు. అలాగే చేశారు. ఇప్పుడు ఆయన పేరుమీద అక్కడ ఉత్సవం జరుగుతుంది. చిత్రకారులు వస్తారు, ఊరివాళ్లకు రంగులూ కుంచెలూ ఇస్తారు. నర్మద ఒడ్డున కూర్చుని పిల్లలు బొమ్మలు వేస్తారు. అక్కడ ఎవరూ పాట పాడరు, సుత్తి పడదు.

రాయపూర్‌లోని మన తెలుగు వ్యాపారులను, ఉద్యోగులను నేను అడిగేది చాలా చిన్నది. కోట్ల బొమ్మలు మనం కొనలేం, కొనక్కర్లేదు. ఖైరాగఢ్‌లో 1956 నుంచి ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉంది. ఏటా అక్కడి నుంచి చిత్రకళ చదివిన పిల్లలు బయటికి వస్తున్నారు. వాళ్లలో కొందరు జీవితాంతం చిత్రాలే వేస్తారు, కొందరు పనిలేక వేరే ఉద్యోగాల్లో చేరిపోతారు. ఒక మంచి చిత్రం కొన్ని వేలకు దొరుకుతుంది. కొని, ఇంట్లో పడకగదిలో కాకుండా, మీ దుకాణంలో జనం కూర్చునే చోట, మీ క్లినిక్కులో రోగులు ఎదురుచూసే చోట, మన తెలుగు సంఘం హాలులో పెట్టండి. కొన్నప్పుడు చిత్రకారుడి సంతకం ఉన్న రసీదు అడిగి తీసుకోండి. చిత్రం పేరు, సంవత్సరం, కొలతలు, ఏ రంగులతో వేశారో అందులో రాయించండి. ఎండ నేరుగా తగలని గోడ చూసుకోండి. గోడకు చెమ్మ ఉంటే వెనక చిన్న చెక్కముక్కలు పెట్టి ఎడం ఉండేలా తగిలించండి. పక్కన చిన్న కాగితం మీద చిత్రకారుడి పేరు తెలుగులో, హిందీలో రాసి అంటించండి.